ఫోన్ రాని తప్పులు

సోమవారం పొద్దున్నే ఏడుంపావుకి నా ఫోన్ మోగిందంటే, ఊళ్లో ఎక్కడో ఒక ల్యాబ్ కౌంటర్ దగ్గర ఎవరో విసుక్కుంటున్నారని అర్థం.

మా కంపెనీ డయాగ్నొస్టిక్ ల్యాబులకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. డేటాబేసులు చూసుకోవడం నా పని. మిగతా ఆఫీసుల్లో సర్వర్ మీద ఒత్తిడి పదకొండు గంటలకో సాయంత్రానికో ఉంటుంది. మాకు పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా. ఫాస్టింగ్ షుగర్‌కి రక్తం ఇవ్వాల్సినవాళ్లంతా రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి కూర్చుంటారు. ఆకలి మీదున్న మనిషి ముందు స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉంటే ఏం జరుగుతుందో కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయిని అడగాలి.

ఆ రోజు ఫోన్ చేసింది మా టీమ్‌లో కొత్తగా చేరిన కరీంనగర్ అబ్బాయి. "అక్కా, పేషెంట్ సెర్చ్ అస్సలు అయితలేదు. నలభై సెకన్లు తీస్కుంటున్నది. సీపీయూ ఫుల్లు. పెద్ద సర్వర్ తీస్కుందామంటున్నరు సార్ వాళ్లు."

"సర్వర్ సంగతి తర్వాత చూద్దాం. ఆ స్క్రీన్ ఏ క్వెరీ పంపుతోందో వాట్సాప్ చెయ్" అన్నాను. పెనం మీద దోసె ఉంది.

మూడు లైన్ల క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న. పేషెంట్ల టేబుల్లో మొబైల్ నంబర్ ఫలానాది అయిన మనిషిని ఇవ్వు, అంతే. ఆ కాలమ్ మీద ఇండెక్స్ ఉంది, అంటే పుస్తకం చివరి సూచికలా వెతికేదాన్ని చప్పున చూపించే జాబితా, మూడేళ్ల క్రితం నేనే పెట్టాను. క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి రన్ చేసి ఫొటో పంపమన్నాను. క్వెరీని ఏ దారిన నడుపుతుందో డేటాబేస్ చేతే చెప్పించే మాట అది. పేషెంట్ల వివరాలుండే మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో అది ఒక చిన్న పట్టీ ఇస్తుంది. టైప్ గడిలో 'ఆల్' అని ఉంది, అంటే టేబుల్ మొత్తం చదువుతోంది. వరసల గడిలో 31 లక్షల చిల్లర. వింతేమిటంటే, వాడుకోవడానికి వీలున్న ఇండెక్సుల గడిలో నా ఇండెక్స్ పేరు ఉంది. నిజంగా వాడిన ఇండెక్స్ గడిలో మాత్రం నల్, అంటే ఏదీ వాడలేదు. పెళ్లికి పిలిచి భోజనం పెట్టకుండా పంపినట్టు.

దోసె తిరగేసేలోగా కారణం కనబడింది. క్వెరీలో ఫోన్ నంబర్ చుట్టూ కోట్స్ లేవు. కాలమ్ వర్‌చార్, అంటే అక్షరాలు. పంపింది సంఖ్య. శుక్రవారం రిలీజ్‌లో సెర్చ్ స్క్రీన్‌ని తిరగరాశారు, అందులో ఎవరో శ్రద్ధగా ఆ నంబర్‌ని ఇంటీజర్‌గా మార్చి మరీ పంపారు.

అక్షరాల్ని సంఖ్యతో పోల్చమంటే మై ఎస్‌క్యూఎల్ రెండింటినీ సంఖ్యలుగా మార్చి పోలుస్తుంది. ఇండెక్స్ ఏమో అక్షరాల క్రమంలో పేర్చి ఉంది. '9', ' 9', '09', '9ఎ' ఇవన్నీ సంఖ్యగా మారిస్తే తొమ్మిదే. కానీ ఇండెక్స్‌లో నాలుగూ నాలుగు చోట్ల ఉంటాయి. అందుకని ఇండెక్స్ పక్కనపెట్టి, 31 లక్షల వరసల్లో ఒక్కోదాన్నీ తీసి, మార్చి, పోల్చి చూస్తుంది. ఇరవై కౌంటర్ల నుంచి ఒకేసారి అదే పని చేయిస్తే సీపీయూ ఫుల్ అవక ఏమవుతుంది? ఎక్స్‌ప్లెయిన్ అయ్యాక షో వార్నింగ్స్ కొడితే, టైప్ మార్పు వల్ల ఈ ఇండెక్స్ వాడలేకపోతున్నానని అదే చెబుతుంది కూడా. మనమే అడగం.

కోట్స్ పెట్టి మళ్లీ రన్ చేస్తే వరసల గడిలో 1. ఏడూ నలభైకి సెర్చ్ మామూలైపోయింది. కొత్త సర్వర్ ఖర్చు తప్పింది. దోసె మాడింది.

ఇదే పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అయితే శుక్రవారం టెస్టింగ్‌లోనే బయటపడేది. వర్‌చార్‌నీ, పెద్ద సంఖ్య అయిన బిగ్‌ఇంటునీ పోల్చే ఆపరేటర్ నా దగ్గర లేదు పొమ్మని ఎర్రర్ ముఖాన కొట్టేది. ఆ మొండితనం నాకు ఇష్టం. ఇంకో మాట, ఫోన్ నంబర్ని సంఖ్యగా పెట్టే అలవాటు ఎవరికైనా ఉంటే ఇవాళే మానెయ్యండి. రెండు ఫోన్ నంబర్లని ఎవరూ కూడరు. కూడనిది సంఖ్య కాదు.

ఎక్స్‌ప్లెయిన్ చూడటం మా టీమ్ పిల్లలకి నేర్పేటప్పుడు నేను చెప్పేది ఒకటే. ముందు ఖర్చు అంకెలు వదిలెయ్, వరసలు చూడు. ఎన్ని వస్తాయని అనుకుంది, నిజంగా ఎన్ని వచ్చాయి? ఏ దారిన వెళ్తే చవకో డేటాబేసే లెక్కేసుకునే ఈ పద్ధతికి పునాది 1979లో ఐబీఎంలో ప్యాట్రిషియా సెలింజర్ బృందం ప్రచురించిన పేపర్. ఆ లెక్క అంతా ఎన్ని వరసలు తగుల్తాయన్న అంచనా మీదే నిలబడుతుంది. అంచనా పది, వచ్చింది పది లక్షలు అయితే దారి తప్పడం ఖాయం. రాత్రి లక్షల వరసలు ఒకేసారి లోడ్ చేసినప్పుడు వెంటనే ఆ టేబుల్ మీద అనలైజ్ కొట్టి అంచనాలు తాజా చేసుకోమనేది అందుకే. నిజంగా ఎన్ని వచ్చాయో తెలియాలంటే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ వాడాలి, మై ఎస్‌క్యూఎల్‌లో 8.0.18 నుంచి అదీ ఉంది. జాగ్రత్త, అది క్వెరీని నిజంగానే నడుపుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ ముందు పెడితే ప్లాన్ చూపిస్తూనే డిలీట్ కూడా చేసేస్తుంది. పని మొదలని చెప్పే బిగిన్, చేసిందంతా వెనక్కి తీసేసే రోల్‌బ్యాక్, ఈ రెండింటి మధ్య పెట్టి చూసుకోండి.

బిగిన్ అన్నాను కాబట్టి నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్పాలి.

మా బిల్లింగ్ పోస్ట్‌గ్రెస్ మీద నడుస్తుంది. ఓ రోజు మధ్యాహ్నం బిల్లుల టేబుల్‌కి ఒక కాలమ్ కలపాలి. పోస్ట్‌గ్రెస్ 11 నుంచి మామూలు డీఫాల్ట్ విలువతో కాలమ్ కలిపినా టేబుల్‌ని తిరగరాయదు, రెప్పపాటు పని. రెండింటికి మా టీమ్ అబ్బాయి ఆల్టర్ (టేబుల్ రూపం మార్చే కమాండ్) కొట్టాడు. కదల్లేదు. రెండు నిమిషాల్లో ఊళ్లో ఉన్న కౌంటర్లన్నింట్లో బిల్లు రావడం ఆగిపోయింది. నేను మాదాపూర్‌లో మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటున్నాను. పరిగెత్తుకుంటూ పైకి వచ్చాను.

ఇరుకు సందు ఒకటి ఊహించుకోండి. ఒక కారు ఆగి ఉంది, పక్కనుంచి బైకులు పోతున్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంతలో ఓ లారీ వచ్చింది. కారు తీస్తే తప్ప లారీ పోలేదు, ఆగింది. ఇక లారీ వెనక వచ్చిన బైకులు కూడా పోలేవు. ఆల్టర్ టేబుల్ ఆ లారీ. దానికి టేబుల్ మీద పూర్తి తాళం కావాలి. ఆ తాళం కోసం క్యూలో నిలబడిందంటే, దాని వెనక వచ్చిన మామూలు సెలెక్టులు, అంటే ఒట్టిగా చదివే క్వెరీలు కూడా నిలబడాల్సిందే. అందరూ లారీనే తిడతారు. అసలు కారు ఎవరిదో చూడాలి.

ఎవరెవరు ఏం చేస్తున్నారో చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీలో చూస్తే ఒక సెషన్ 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' అని ఉంది, అంటే ట్రాన్సాక్షన్ తెరిచి, ముగించకుండా ఊరికే కూర్చుంది. పన్నెండూ యాభైకి మొదలైంది. బ్లాక్ చేసేవాళ్లెవరో చెప్పే పీజీ బ్లాకింగ్ పిడ్స్‌కి ఆల్టర్ నంబర్ ఇచ్చి అడిగితే అదే సెషన్ నంబర్ ఇచ్చింది. యూజర్ పేరు నాదే.

లంచ్‌కి ముందు బిల్లులు ఏవో సరిచూద్దామని ఒక సెలెక్ట్ కొట్టాను. నా టూల్‌లో ఆటోకమిట్, అంటే ప్రతి పనినీ దానంతటదే ముగించేసే సెట్టింగ్, ఆపేసి ఉంది. దాంతో ఒట్టి సెలెక్ట్‌కి కూడా ట్రాన్సాక్షన్ తెరుచుకుంది. కమిట్ (చేసింది ఖాయం చేయడం) లేదు, రోల్‌బ్యాక్ లేదు, లేచి వెళ్లిపోయాను. సెలెక్ట్ పట్టుకున్న చిన్న తాళం కూడా ట్రాన్సాక్షన్ ముగిసేదాకా పోదు. నా సెషన్‌ని టెర్మినేట్ చేయగానే అన్నీ కదిలాయి. "అక్కా, ఎవరిది ఆ సెషన్?" అని మా అబ్బాయి అడిగాడు. నాదే అని చెప్పాను. చెప్పకపోతే లాగ్‌లో చూస్తాడు కదా.

ఆ రోజు నుంచి రెండు సెట్టింగులు పెట్టాం. ఆల్టర్ కొట్టే ముందు లాక్ టైమౌట్ మూడు సెకన్లు. తాళం దొరక్కపోతే లారీ తనే వెనక్కి వెళ్లిపోతుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తాం. రెండోది, ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న సెషన్ని అయిదు నిమిషాలకి తెంపేసే టైమౌట్. చేత్తో అప్‌డేట్ చేయాల్సి వస్తే మాత్రం బిగిన్ తప్పదు. అదే వేర్‌తో, అంటే ఏ వరసలు కావాలో చెప్పే షరతుతో, ముందు కౌంట్ తీసుకోవాలి, తర్వాత అప్‌డేట్ కొట్టాలి, అది చెప్పిన వరసల సంఖ్య కౌంట్‌తో కలిస్తేనే కమిట్. ఆ కాసేపూ కుర్చీ దిగకూడదు. టీ ఎవరు పిలిచినా సరే.

ఇప్పటిదాకా చెప్పినవి నా లెక్కలో మంచి తప్పులు. అరుస్తాయి. ఆలస్యమైతే ఫోన్ వస్తుంది, ఆగిపోతే పది ఫోన్లు వస్తాయి. ఒరాకిల్ డేటాబేస్ మీద ఉన్న ఒక పాత కస్టమర్ రిపోర్టుల మీద పేర్లు తెలుగులో కావాలన్నప్పుడు, శ్రీలక్ష్మి అన్న పేరు 30 సైజు కాలమ్‌లో పట్టలేదు. కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ అక్షరాల పద్ధతి యూనికోడ్‌లో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా పదకొండు, ఒక్కోటి యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో మూడు బైట్లు, వెరసి 33. ఆ 30 అక్షరాలు కాదు, బైట్లు. ఎర్రర్ వచ్చింది, సైజు అక్షరాల్లో లెక్కేసేలా కాలమ్ మార్చాం, అయిపోయింది. ఎర్రర్ వచ్చినందుకు సంతోషం.

భయపడాల్సింది అరవనివాటికి. టెన్షన్ లేకుండా, టకీమని, అందంగా తప్పు జవాబు ఇచ్చే క్వెరీలు.

నేను 2006లో అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్నాను. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, మైత్రీవనం వెనక సందులో ఇన్‌స్టిట్యూట్, పొద్దున ఏడు గంటల బ్యాచ్. ఇప్పటికీ కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకి వెళ్తూ అమీర్‌పేట స్టేషన్‌లోనే మెట్రో మారతాను. హోర్డింగుల మీద కోర్సుల పేర్లు మారిపోయాయి, జనం మాత్రం అలాగే ఉన్నారు. మాకు నేర్పించడానికి ఒరాకిల్ వాళ్ల ఎంప్ అనే ఉద్యోగుల టేబుల్ ఉండేది. 14 వరసలు. 14 వరసల మీద ఏ క్వెరీ అయినా పరిగెడుతుంది, కాబట్టి స్పీడ్ గురించి అక్కడ నేర్చుకున్నది సున్నా. నల్ గురించి మాత్రం ఒక పాఠం పుర్రెలో ఉండిపోయింది.

ఎవరికీ మేనేజర్ కానివాళ్ల జాబితా తియ్యండి అన్నారు సార్. అందరం ఒకేలా రాశాం, ఎంప్లాయీ నంబర్ నాట్ ఇన్ (ఈ జాబితాలో లేనిది), బ్రాకెట్లో మేనేజర్ నంబర్లన్నీ. చేత్తో లెక్కపెడితే ఎనిమిది మంది రావాలి. వచ్చింది సున్నా. క్లాసంతా కీబోర్డుల మీద పడింది, స్పెల్లింగులు వెతుక్కున్నాం. సార్ నవ్వుతూ నిలబడ్డారు. కింగ్ అనే ఆయన అందరికంటే పైవాడు, ఆయనకి మేనేజర్ లేడు, ఆ గడి నల్. ఆ ఒక్క నల్ ఎనిమిది మందినీ మింగేసింది.

నల్ అంటే సున్నా కాదు, ఖాళీ కూడా కాదు. 'తెలీదు' అని. సంచిలో మూడు చీటీలున్నాయి, ఒకదాని మీద 3, ఒకదాని మీద 5, మూడోది మడిచి ఉంది. ఇందులో 7 లేదని ఒట్టు పెట్టగలవా? పెట్టలేవు. డేటాబేసూ పెట్టదు. వేర్ ఏమో ఖచ్చితంగా నిజమని తేలినవాటినే ఉంచుతుంది. అందుకే ఒక్కటీ మిగల్దు.

ఇంత తెలిసి కూడా పదహారేళ్ల తర్వాత మా పెండింగ్ శాంపిల్స్ స్క్రీన్‌కి సరిగ్గా అదే రకం క్వెరీ, రిపోర్టుల్లో నంబర్ లేని శాంపిళ్లు ఇవ్వు అని, రివ్యూకి వస్తే ఓకే అన్నది నేనే. రిపోర్టుల టేబుల్లో శాంపిల్ నంబర్ లేనివి లేవుగా అనుకున్నాను. నెలల తరబడి బాగానే నడిచింది. ఓ రోజు ఎవరో బయటి ల్యాబ్ రిపోర్ట్ ఒకటి స్కాన్ చేసి, శాంపిల్ నంబర్ లేకుండా ఎక్కించారు. ఒక్క నల్. ఆ క్షణం నుంచి పెండింగ్ స్క్రీన్ ఖాళీ. 'పెండింగ్ ఏమీ లేవు' అని పచ్చ రంగులో. ల్యాబ్ వాళ్లు సంతోషించారు, మేనేజర్ మెచ్చుకున్నాడు కూడా. రెండో రోజు సాయంత్రం ఒక డాక్టర్ తన పేషెంట్ థైరాయిడ్ రిపోర్ట్ ఏమైందని ఫోన్ చేస్తేగానీ బయటపడలేదు. నాట్ ఇన్ తీసి, నల్ వల్ల తడబడని నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టాం. కాలమ్‌కి నాట్ నల్, అంటే నల్ రాకూడదన్న నియమం, పెట్టలేకపోయాం, ఎందుకంటే బయటి రిపోర్టులు నిజంగానే ఉంటాయి. ఇప్పుడు మా టీమ్‌లో సబ్‌క్వెరీతో (లోపల ఇంకో క్వెరీతో) నాట్ ఇన్ కనబడితే రివ్యూ అక్కడే ఆగుతుంది.

రెండోది అయిదున్నర గంటల కథ. మన దేశంలో డేటాబేస్ చూసుకునే ప్రతివాళ్లకీ ఇది ఒకసారైనా తగిలే ఉంటుంది. సర్వర్ టైమ్ సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో ఉంటుంది, మనం అయిదున్నర గంటలు ముందు. తేదీ ఇవాళ్టిది అయిన బిల్లులు ఇవ్వు అంటే డేటాబేస్ తన తేదీ చూసుకుంటుంది. మన రాత్రి పన్నెండు నుంచి తెల్లవారి అయిదున్నర దాకా దానికి ఇంకా నిన్నే. మాది ల్యాబ్ కదా, ఆ వేళలో ఎవరొస్తారు? ఎవరూ రారు. అందుకే ఏడాది పైన ఆ తప్పు హాయిగా నిద్రపోయింది.

తర్వాత ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సర్వీస్ మొదలుపెట్టారు. మొదటి కుర్రాడు అయిదు గంటలకే బండి తీస్తాడు. అయిదు నుంచి అయిదున్నర మధ్య తీసిన శాంపిళ్లు, వాటి డబ్బు నిన్నటి లెక్కలో పడటం మొదలైంది. నిన్నటి లెక్క రాత్రే ముగించేశారు. కాబట్టి రోజూ మూడొందలో, ఎనిమిదొందలో, పన్నెండొందలో తేడా. ఆ కుర్రాళ్లని అనుమానించారు. ఒకతనైతే తన జేబులోంచి కట్టాడట కూడా. ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు తేడా వచ్చిన బిల్లులన్నీ టైమ్ ప్రకారం పేర్చి చూస్తే ఒక్కటీ అయిదున్నర దాటలేదు. అంత శుభ్రంగా గీత గీసినట్టు ఉందంటే అది మనుషుల తప్పు కాదు. అతని డబ్బు తిరిగి ఇప్పించాం.

దిద్దుబాటు సులువే. హైదరాబాద్ లెక్క ప్రకారం రోజు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందే యూటీసీలోకి మార్చుకుని, మొదలు కంటే పెద్దది లేదా సమానం, ముగింపు కంటే చిన్నది అని అడగాలి. కాలమ్ మీద డేట్ ఫంక్షన్, అంటే టైమ్‌లోంచి తేదీ మాత్రం తీసేది, వేయకూడదు. వేస్తే టైమ్ కాలమ్ మీదున్న మామూలు ఇండెక్స్ పనికిరాకుండా పోతుంది, ఫోన్ నంబర్ కథే మళ్లీ. బిట్వీన్ (ఇక్కడి నుంచి ఇక్కడిదాకా) పెట్టి ముగింపు 23:59:59 అని రాసేవాళ్లుంటారు. సెకనులో భాగాలు నమోదయ్యే కాలమ్ అయితే ఆఖరి సెకనులో పడ్డ బిల్లు గోవిందా.

ఇక బ్యాకప్. రోజూ రాత్రి రెండింటికి, చెప్పిన టైముకి పనులు నడిపే క్రాన్ నడుస్తుంది, డంప్ (డేటా మొత్తం కాపీ) తీసి, పైప్‌లో ఫైళ్లు కుదించే జిజిప్‌కి ఇస్తుంది, 'సక్సెస్' అని మెయిల్ వస్తుంది. నెల మొదటి శనివారం ఆఫీసులో మూల పడున్న పాత మెషిన్ మీద ఆ ఫైల్‌ని రిస్టోర్ చేసి చూడటం నా అలవాటు. మొదట్లో అందరూ నవ్వేవాళ్లు, శనివారం పని లేదా అక్కా అని. ఓ శనివారం ఫైల్ ఎక్కించబోతే అందులో ఏమీ లేదు. సైజు 20 బైట్లు. ముందు రోజుదీ 20. దానికి ముందు రోజుదీ. మొత్తం పదకొండు రోజులు.

బ్యాకప్ యూజర్ పాస్‌వర్డ్ మార్చారు, స్క్రిప్ట్‌లో మార్చలేదు. డంప్ లోపలికి కూడా వెళ్లలేకపోయింది. కానీ కమాండ్లు నడిపే షెల్‌లో, ఒకదాని అవుట్‌పుట్‌ని ఇంకోదానికి ఇచ్చే పైప్ వాడితే ఆఖరి కమాండ్ ఫలితమే మొత్తం ఫలితం. జిజిప్ పాపం తన పని తను చేసింది, ఏమీ లేనిదాన్ని చక్కగా కుదించింది. ఏమీ లేనిదాన్ని జిజిప్ కుదిస్తే 20 బైట్లు వస్తుందని ఆ రోజే తెలిసింది. అందుకే సక్సెస్. స్క్రిప్ట్ పైన పైప్‌ఫెయిల్, అంటే మధ్యలో ఏది ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అనే సెట్టింగ్, పెట్టాలి. నిన్నటి సైజుతో పోల్చి, బాగా తగ్గితే నిద్ర లేపేలా ఉండాలి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్నే చెరిపేసినప్పుడు వాళ్లకీ ఇలాంటిదే బయటపడింది. పోస్ట్‌గ్రెస్ డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2, సర్వర్ వెర్షన్ 9.6, రెండూ కలవక రోజూ ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయినట్టు చెప్పే మెయిళ్లు కూడా చేరడం లేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. అంత పెద్దవాళ్లకే అయ్యాక నాకు సిగ్గు కాస్త తగ్గింది.

మొన్న శనివారం రిస్టోర్ మా అబ్బాయి చేతే చేయించాను. నేను పక్కన కూర్చుని టీ తాగాను, ఈసారి నా పేరు మీద తెరిచిన ట్రాన్సాక్షన్ ఏదీ లేదు. రిస్టోర్ అయ్యాక పేషెంట్ల సంఖ్య, ఆఖరి బిల్లు నంబర్ అసలు సర్వర్‌తో సరిపోల్చమన్నాను. బిల్లు నంబర్ కలవలేదు. కంగారుపడ్డాడు. బ్యాకప్ తీసింది రాత్రి రెండింటికి, నువ్వు పోలుస్తున్నది మధ్యాహ్నం పన్నెండింటికి నాయనా అన్నాను. రెండింటి దాకా ఉన్నవాటిని లెక్కపెడితే కలిశాయి. మొత్తం 52 నిమిషాలు పట్టింది. పోయిన నెల 44. రిజిస్టర్లో రాసుకున్నాడు, ఎనిమిది నిమిషాలు ఎందుకు పెరిగాయో సోమవారం చూస్తానన్నాడు.